ఏ గడియారం కింద?

"ఏమండీ, మీరు ఇక్కడివాళ్లేనా?"

ఈ ప్రశ్నకు ప్రహ్లాద్ ముందురోజు రాత్రే జవాబు తయారు చేసి పెట్టుకున్నాడు. గిరుక్కున వెనక్కి తిరిగాడు.

పసుపు చున్నీ. భుజానికి సంచి. చేతిలో నీళ్ల సీసా. కళ్లు మాత్రం అతని మీద లేవు. చార్మినార్ మీది పావురాలను ఒక్కొక్కటిగా పలకరించి వస్తున్నట్టు పైనెక్కడో తిరుగుతున్నాయి.

'మొదటి మాటే ఇది! పేరు కూడా అడగలేదు' అనుకున్నాడు.

ప్రహ్లాద్ వాళ్లది పత్తర్‌గట్టిలో లేసుల దుకాణం. చీర అంచులు, జరీ పట్టీలు, లంగా బార్డర్లు. తాత పెట్టింది. తండ్రి పోయాక ప్రహ్లాదే చూసుకుంటున్నాడు. ఇల్లు హుస్సేనీ ఆలంలో. వచ్చిన సంబంధాలన్నీ సరిగ్గా అక్కడికొచ్చే ఆగిపోయేవి. అబ్బాయి బాగున్నాడు, దుకాణం బాగుంది, కానీ ఇల్లు పాత బస్తీలోనా? మూసీ దాటి అటు ఎప్పుడు మారతారు? పోయినసారైతే అమ్మాయి తండ్రి ఇంటి ముందు కారు పెట్టే చోటు లేదని, కారు దిగకుండానే వెళ్లిపోయాడు.

అందుకని తల్లి సుగుణమ్మ కొత్త ఉపాయం వేసింది. పెళ్లిచూపులని పేరు పెట్టకుండా, నందు అనే అమ్మాయి ఒక్కతే వచ్చి, గుంపు చేరకముందే చార్మినార్ దగ్గర మాట్లాడి పోతుంది.

"ఫోటో చూడరా కొడుకా," అంది.

"చూసుడెందుకమ్మా? వద్దని చెప్పనీకే పోతున్న. ఎదురుంగ చెప్తే మర్యాదగ ఉంటది."

"సరే తియ్యి. నీ ఫోటో పంపిన. ఆ పిల్లనే నిన్ను గుర్తుపడ్తది. గడియారం కింద నిలబడు."

ఇప్పుడు ఆ గడియారం కిందే నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడివాణ్నే. ఈ గల్లీల్లనే పుట్టిన, ఈడనే ఉంట. మూసీ దాటి అటొచ్చేది లేదు, గచ్చిబౌలిల ఫ్లాట్ తీసుకునేది లేదు. ముందే చెప్తున్న. తర్వాత లొల్లి వద్దు."

ఆమె చూపు పావురాలను వదిలి అతని ముఖం మీద వాలింది. కనుబొమలు కొంచెం ముడిపడ్డాయి.

"సరే," అంది. "ఉండుండ్రి. నాకేం అభ్యంతరం లేదు."

ప్రహ్లాద్ తయారు చేసుకున్న రెండో వాక్యానికి పని లేకుండా పోయింది.

"లేదా?"

"నాకెందుకుంటది? మీరిక్కడి మనిషైతే ఇంకా మంచిదే. గుంపు ఎప్పుడు తక్కువుంటదో మీకే తెలుస్తది. గుంపంటే నాకు చచ్చేంత భయం. నా సంగతి వదిలేయుండ్రి, పిల్లలకు ఇబ్బంది కావద్దు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అప్పుడే పిల్లల దాంక ఎందుకండి..."

"ఎందుకేంది? నేనొచ్చిందే పిల్లల కోసం. ముందుగాల ఒక్కదాన్నే వచ్చి అంతా చూసుకుందామనుకున్న. నచ్చితే వాళ్లను తీస్కొస్త."

"అంటే... ఉన్నరా? ఇప్పటికే?"

"ఉన్నరు!" ఆమె ముఖం వెలిగిపోయింది. "మస్తు అల్లరి. కానీ బంగారాలు."

"ఎంతమంది?"

"ఒక బస్సుకు సరిపోతరు."

ప్రహ్లాద్ పక్కనున్న ఇనుప కమ్మీని పట్టుకున్నాడు.

"పోయినేడు ఎగ్జిబిషన్‌కు తీస్కపోతే ఒకడు తప్పిపోయిండు," అంది ఆమె. ఈసారి గొంతు తగ్గింది.

"తప్పిపోయిండా!"

"దొరికిండు లెండి. పోలీసు బూత్‌ల కూసోని పాప్‌కార్న్ తింటున్నడు. వాడు దొరికేదాంక నా పానం పానంల లేదు."

"మా అమ్మ నాకు ఈ సంగతి చెప్పనే లేదు," అన్నాడు నీరసంగా.

"మీ అమ్మగారికి ఎట్ల తెలుస్తది?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరికి మతి చలించిందో ఇద్దరికీ అంతుపట్టలేదు. సరిగ్గా అప్పుడే ప్రహ్లాద్ ఫోన్ మోగింది.

"ప్రహ్లాద్ గారా? నేను నందుని. గడియారం కింద నిలబడ్డ. మీరెక్కడున్నరు?"

అతను ఫోన్‌ను చూశాడు. ఎదురుగా ఉన్న అమ్మాయిని చూశాడు. తల ఎత్తి గడియారాన్ని చూశాడు. చార్మినార్‌కు నాలుగు వైపులా నాలుగు గడియారాలున్నాయని అతనికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఏ గడియారం అని అడగాలని మాత్రం తట్టలేదు.

"మీరు... నందు కాదా?"

"నందు ఎవరు? నా పేరు శ్రీహిత. షాద్‌నగర్ల టీచర్ని."

"మరి పిల్లలు?"

"మా స్కూల్ పిల్లలు! ఏడో తరగతి! మీరేమనుకున్నరు?" అని, అతను ఏమనుకున్నాడో తనకు తనే అర్థమై, శ్రీహిత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ప్రహ్లాద్‌కు సిగ్గుతో భూమిలోకి పోవాలనిపించింది. అంతలోనే, ఆ నవ్వు ఇంకాసేపు ఉంటే బాగుండుననీ అనిపించింది.

"పొండి పొండి," అంది ఆమె. "పాపం, ఆమె ఎదురు చూస్తుంటది."

*

నందు గుల్జార్ హౌజ్ వైపు గడియారం కింద ఉంది. నీలం డ్రెస్సు, చురుకైన కళ్లు. పలకరింపులు కాగానే, "ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. ఇక్కడి నుంచి మారే ఆలోచన ఉన్నదా?" అని అడిగింది.

తయారు చేసుకున్న జవాబు ఇందాకే ఖర్చయిపోయింది. ప్రహ్లాద్ మనసు చార్మినార్‌కు అవతలి వైపు ఉండిపోయింది.

"లేదండి," అన్నాడు పొట్టిగా.

నందు హాయిగా ఊపిరి వదిలింది. "హమ్మయ్య. నాకు బెంగళూరుల జాబ్ వచ్చింది. ఇంట్ల చెప్పే ధైర్యం లేక వచ్చిన. వద్దని మీరే చెప్పరా, ప్లీజ్?"

"చెప్త. ఫికర్ చెయ్యకండి."

అక్కడికి ఆ పెళ్లిచూపులు ముగిశాయి.

అతను గబగబా తిరిగి వచ్చేసరికి ప్రవేశ ద్వారం దగ్గర గొడవగా ఉంది. అప్పుడే రెండు టూరిస్టు బస్సుల జనం వచ్చి పడ్డారు. మధ్యలో శ్రీహిత, ఫోన్ చాచి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె టికెట్‌ను గేటు దగ్గరి ఉద్యోగి రెండోసారి చూస్తున్నాడు.

"మేడం, టికెట్ మంచిగనే ఉన్నది. కానీ ఇది గోల్కొండది."

"గోల్కొండదా? నేను చార్మినార్ అనే నొక్కిన..."

"గోల్కొండ అనే ఉన్నది మేడం. జరా పక్కకు జరగండి."

లైన్‌లో నిలబడే బాధ తప్పుతుందని ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంది పాపం. తొందరలో ఒక పేరుకు బదులు ఇంకో పేరు మీద వేలు పడింది. వెనక నుంచి జనం తోస్తున్నారు. ఆమె ముఖంలో రక్తం లేదు. నీళ్ల సీసాను గుండెకు గట్టిగా అదుముకుంది. ఇందాక కళ్లనీళ్లు వచ్చేలా నవ్విన మనిషి ఈమేనా అనిపించింది ప్రహ్లాద్‌కు.

"శ్రీహిత గారూ, ఇటు రండి," అని గుంపుకు తన వీపు అడ్డం పెట్టి, గోడవారకు తీసుకొచ్చాడు. "ముందు ఒక గుక్క నీళ్లు తాగండి. టికెట్ నేను చూస్త."

టికెట్ల బోర్డు మీది కోడ్ స్కాన్ చేస్తే ఆమె ఫోన్‌కు నెట్‌వర్క్ లేదు. అతని ఫోన్‌కు ఉంది. ఈసారి ఇద్దరూ తలలు దగ్గర పెట్టి పేరు పైకి చదివి మరీ నొక్కారు. "చార్మినార్. చార్మినారే గదా?" "చార్మినారే."

"ఈ తిప్పలు పిల్లలకెట్ల?" అంది దిగులుగా. "అందరికీ టికెట్లు తీసి, అందర్నీ గిట్ల నిలబెట్టి..."

"పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెటే లేదు. మీ టీచర్లకు తీసుకుంటే చాలు."

శ్రీహిత అతని వైపు నమ్మలేనట్టు చూసింది. ఆ చూపుకు ప్రహ్లాద్ ఆ నిబంధన తనే పెట్టినంత గర్వపడ్డాడు.

రెండు టికెట్లు వచ్చాయి. రెండోది ఎందుకు తీసుకున్నాడో ఆమె అడగలేదు. పుట్టి పెరిగిన చోటే అయినా, పైకి ఎక్కి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తు లేదు.

మెట్లు ఇరుకు. చీకటి. గోడ పట్టుకుని ఎక్కాలి. ముందు ఆమె, వెనక అతను.

"మీ పెళ్లిచూపులేమైనయ్?" చీకట్లో నుంచి ఆమె గొంతు వినిపించింది.

"అయిపోయినయ్."

ఆమె రెండు మెట్లు గబగబా ఎక్కింది.

"కంగ్రాట్స్," అంది.

"థ్యాంక్స్!" అన్నాడు ప్రహ్లాద్, బతికి బయటపడ్డ సంతోషంతో.

పైకి వచ్చాక గాలి ఒక్కసారిగా ముఖానికి తగిలింది. నాలుగు వైపులా నాలుగు రోడ్లు. లాడ్ బజార్ ఇంకా నిద్రలోనే ఉంది. షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. మక్కా మసీదు ముందు పావురాలు లేచి, తిరిగి, మళ్లీ అక్కడే వాలాయి.

"పైనుంచి చూస్తే భయమైతలేదు," అంది శ్రీహిత ఆశ్చర్యంగా. "మంచిగుంది."

"పొద్దున ఎప్పుడూ గిట్లనే ఉంటది. ఆదివారం, శుక్రవారం వద్దు. బుధవారం తీస్కరాండ్రి. బస్సును మదీనా చౌరస్తా దగ్గర ఆపి, పత్తర్‌గట్టి మీంచి నడిపిద్దాం. అప్పటికి దుకాణాలు తెరవరు. నీళ్లు తాగనీకి మా దుకాణం ఉన్నది."

"మా హెడ్‌మాస్టర్ వద్దంటున్నరు. పోయినేటి సంగతి తర్వాత నా మీద నమ్మకం పోయింది ఆయనకు." ఆగింది. "నిజం చెప్పాల్నంటే నాకూ పోయింది. మళ్ల ఒక్కసారి వాళ్లను మంచిగ తీస్కపోయి, మంచిగ తీస్కరావాలె. లేకుంటే ఇగ ఎప్పటికీ తీస్కపోలేను."

ఆమె నవ్వుతూ అనలేదు. అందుకే ప్రహ్లాద్ కూడా నవ్వకుండా, "తీస్కపోదాం," అన్నాడు.

ఆ మాటలోని 'మనం' ఇద్దరికీ వినిపించింది. ఆమె చప్పున అటు తిరిగి, దూరంగా ఏదో గుమ్మటం పేరు అడిగింది. దిగే ముందు అతని పేరు, నంబరు ఫోన్‌లో ఎక్కించుకుంది.

*

సాయంత్రం దుకాణం కట్టేసే వేళకు నందు ఫోన్ చేసింది. గొంతులో నిప్పులు.

"వద్దని చెప్తనన్నరు గదా? మీ అమ్మగారు మా ఇంటికి ఫోన్ చేసి, మా వానికి పిల్ల మస్తు నచ్చింది అన్నరంట! మా ఇంట్ల మిఠాయి పంచుతున్నరు!"

ప్రహ్లాద్ ఇంటికి పరుగెత్తాడు. సుగుణమ్మ నిండా నవ్వుతో ఎదురొచ్చింది.

"నాకు చెప్పకుంటే తెల్వదనుకున్నవారా? ఇరానీ హోటల్ల కూసోని చాయ్ తాగుకుంట అంతా చూసిన. ఆ పిల్ల ఎంత మంచిగ నవ్వింది! నువ్వు ఎట్ల చూస్తున్నవ్!"

"అమ్మా, నందు నవ్వనే లేదు."

"పసుపు చున్నీ ఏసుకోని..."

"నందుది నీలం డ్రెస్సు."

సుగుణమ్మ నవ్వు ఆగింది. "మరి ఆ పసుపు చున్నీ ఎవరు? ఫోటోకు, మనిషికి గింత ఫరకా అనుకున్న!"

"గుంపు ఎప్పుడు తక్కువుంటదో అడగనీకి వచ్చింది. టీచరమ్మ."

"గుంపు సంగతి అడిగిన పిల్లతోటి గంతసేపా!"

ఆ రాత్రి సుగుణమ్మ నందు వాళ్లింటికి ఫోన్ చేసి, తప్పు తనదేనని ఒప్పుకుని, నాలుగు మాటలు పడింది. పడుకోబోయే ముందు కొడుకు గది గుమ్మంలో ఆగింది.

"ఆ టీచరమ్మకు పెండ్లయిందా?"

"తెల్వదమ్మా."

"అడగాలె గదరా," అని విసుక్కుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు శ్రీహిత నుంచి మెసేజ్ వచ్చింది. ప్రహ్లాద్ గల్లాపెట్టె దగ్గర నిలబడే ఆత్రంగా తెరిచాడు.

'ప్రహ్లాద్ అన్నా, బుధవారం అయితే ఏ బుధవారం మంచిది?'

అన్నా!

రెండుసార్లు చదివాడు. ఫోన్ తిప్పి చదివినా అదే. పక్క దుకాణం జహంగీర్ భాయ్ అత్తరు సీసాలు తుడుస్తూ అతని వాలకం గమనించాడు. ఆయనకు యాభై దాటాయి. ప్రహ్లాద్‌ను చిన్నప్పటి నుంచీ ఎరుగును.

"క్యా హువా మియా? ఎందుకు గట్ల పరేషాన్ ఉన్నవ్?"

"భాయ్, ఒకామె నిన్న కళ్లనీళ్లొచ్చేదాంక నవ్వింది. ఇయ్యాల అన్నా అంటున్నది. అర్థమేంది?"

జహంగీర్ భాయ్ సీసా పక్కన పెట్టి సానుభూతిగా తల ఊపాడు. "అన్నా అన్నదంటే ఖేల్ ఖతం, మియా."

ఆ తర్వాత నెల రోజులు ప్రహ్లాద్ అయోమయంలోనే గడిపాడు. రోజూ ఫోన్లు. బస్సు ఎక్కడ ఆపాలి, పిల్లలు ఏం తినాలి, వాన వస్తే ఎట్లా. మాటలు ఎక్కడెక్కడికో పోయేవి. ఆమెకు చిన్నప్పుడే అమ్మ పోయిన సంగతి, అతను చదువు సగంలో ఆపి దుకాణంలో కూర్చున్న సంగతి. ఒక్కోసారి ఇద్దరూ ఊరికే ఊరుకునేవాళ్లు, ఫోన్ పెట్టకుండా. ఇక ఏదో చెప్పబోతోందని అతను ఊపిరి బిగబట్టగానే, "సరే అన్నా, ఉంట మరి," అనేది.

ఒకసారి ఆమే అడిగింది. "పిల్లల్ని చేతులు పట్టుకోమంటే పట్టుకోరు. ముఖ్యంగా మగపిల్లలు. ఏం చెయ్యాలె?"

"మా దుకాణంల లేసున్నది గదా. పొడుగుది తెస్త. అందరూ దాన్ని పట్టుకోని నడుస్తరు. ముందు కొస మీకు, వెనక కొస నాకు."

అవతల ఆమె ఆ మాట రాసుకుంటున్న పెన్ను చప్పుడు వినిపించింది.

"మీరు చేసుకోబోయే ఆమె మస్తు అదృష్టవంతురాలు," అంది చివరికి, చాలా మెల్లగా.

చేసుకోబోయే ఆమె ఎవరో ప్రహ్లాద్‌కు తెలియదు. ఈ మాటకు సంతోషించాలో ఏడవాలో కూడా తెలియలేదు.

*

బుధవారం అనుకున్నట్టే మొదలైంది. హెడ్‌మాస్టర్ చివరి నిమిషంలో ఒప్పుకున్నాడు. తోడుగా ఇంకో టీచర్ సాయికుమార్ వచ్చాడు. మెరిసే గోటా లేసు పట్టుకుని పిల్లలు పత్తర్‌గట్టి మీంచి బారుగా నడిచారు. షట్టర్లు ఎత్తుతున్న దుకాణదారులు ఆగి చూశారు. గేటు తీయగానే లోపలికి, గొడవ లేకుండా పైకి. పిల్లలు పైనుంచి నాలుగు రోడ్లూ చూసి అరిచిన అరుపులకు పావురాలన్నీ లేచాయి. శ్రీహిత ముఖంలో నెల రోజులుగా లేని తేట.

తిరుగు దారిలో వాన పట్టుకుంది.

మామూలు వాన కాదు. చూస్తుండగానే ఆకాశం దిమ్మరించినట్టు కురిసింది. చుట్టుపక్కల జనమంతా ఒక్కసారిగా రోడ్డుకు అడ్డంగా ఉన్న పెద్ద కమాను కిందికి ఉరికారు. పండ్ల బళ్లు, సంచులు, గొడుగులు, ఏడ్చే పసిపిల్లలు. లేసు బారు సరిగ్గా ఆ గుంపు మధ్యలో చిక్కుకుంది. అనాసపండ్ల బండి ఒకటి అడ్డం వచ్చింది. ముందు కొస పట్టుకున్న శ్రీహితకు వెనక సగం కనపడకుండా పోయింది.

ఆమె కాళ్లు ఆగిపోయాయి. చుట్టూ అన్నీ తడిసిన వీపులే. పోయినేడు ఎగ్జిబిషన్‌లో సరిగ్గా ఇలాగే నిలబడిపోయింది.

చేతిలో లేసు చిన్నగా లాగినట్టయింది. మళ్లీ ఒకసారి.

"శ్రీహితా!" గుంపు అవతల నుంచి ప్రహ్లాద్ అరుస్తున్నాడు. "అందరున్నరు! ఒక్కరూ వదల్లే! నువ్వు నడువు, నేనున్న!"

ఆమె లేసును తిరిగి లాగింది, విన్నానన్నట్టు. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. "జరగండి, పిల్లలున్నరు! దారియ్యండి!" అని అరిచింది. గొంతు తనదేనా అనిపించింది. జనం దారిచ్చారు. బండి పక్కకు జరిగింది. వానలో, బురదలో, ఆ బారు తెగకుండా పత్తర్‌గట్టి దాకా వచ్చి లేసుల దుకాణంలోకి దూరింది.

లోపల సుగుణమ్మ తువ్వాళ్లు, బిస్కెట్లు సిద్ధం చేసి ఉంచింది. శ్రీహిత పిల్లలందరినీ తల మీద చెయ్యి పెట్టి మరీ చూసుకుంది. అందరూ ఉన్నారు. అప్పుడు పరుపు మీద కూలబడి, మోకాళ్ల మీద తల పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

సుగుణమ్మ ఆమె తల తుడుస్తూ, ముఖం చూసి ఆగిపోయింది.

"బిడ్డా, ఆ రోజు మావోనికి ఎదురుంగ నిలబడి నవ్వింది నువ్వే గదా?"

"నేనేనమ్మా. గుంపు సంగతి అడుగుదామని..." శ్రీహిత కళ్లు తుడుచుకుంది. "నందు గారు మంచిగున్నరా? పెండ్లి ఎప్పుడు?"

"నందు పెండ్లా? నాకేం తెలుసు? బెంగళూరు పోయింది ఆ పిల్ల."

"అయ్యో, మరి అన్న?"

"ఏ అన్న?"

"ప్రహ్లాద్ అన్న! పెండ్లి కుదిరింది గదా."

దుకాణంలో పిల్లల బిస్కెట్ల చప్పుడు కూడా ఆగిపోయింది. తలుపు దగ్గర లేసు పిండుతున్న ప్రహ్లాద్ నోరు తెరిచి నిలబడ్డాడు.

"ఎవరన్నరు?" అన్నాడు.

"మీరే అన్నరు! మెట్ల మీద. అయిపోయినయ్ అన్నరు."

"అయిపోయినయ్ అంటే... వద్దనుకున్నం, ఇగ అయిపోయింది అని!"

"కంగ్రాట్స్ అంటే థ్యాంక్స్ అన్నరు గదా!"

"తప్పించుకున్నందుకు చెప్తున్నవనుకున్న!"

పక్క దుకాణం నుంచి జహంగీర్ భాయ్ నవ్వు పెద్దగా వినిపించింది. శ్రీహిత లేచి నిలబడింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి.

"మీకేమన్న తెలివున్నదా? నెల రోజుల నుంచి నేను ఎంత కష్టపడి అన్నా అంటున్ననో మీకు తెలుసా?"

అనేశాక గానీ ఏమన్నదో ఆమెకు అర్థం కాలేదు. రెండు చేతులతో నోరు మూసుకుంది. సాయికుమార్ చప్పున పిల్లలను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సుగుణమ్మ గోడ మీది భర్త ఫోటో వైపు తిరిగి, చీర కొంగుతో నవ్వు దాచుకుంది.

వాన తగ్గాక బస్సు దాకా ప్రహ్లాద్ కూడా వెళ్లాడు. పిల్లలంతా ఎక్కారు. ఆమె ఫుట్‌బోర్డ్ దగ్గర ఆగింది.

"నువ్వంటే నాకు ఇష్టం," అన్నాడు ప్రహ్లాద్. "మొదటి రోజు నుంచే. ఇగ మళ్ల ఏం గలాటా కావద్దని సాఫ్ సాఫ్ చెప్తున్న."

శ్రీహిత తల దించుకుని చిన్నగా నవ్వింది. తర్వాత నవ్వు తగ్గింది.

"నాకూ ఇష్టమే. కానీ ఇయ్యాల ఆ కమాన్ కింద నా కాళ్లు ఎట్ల వణికినయో నీకు తెల్వది. ఒక్కరోజుకే గిట్లయితే, దినాం ఈ గుంపుల ఎట్ల ఉంటనో నాకే తెలుస్తలేదు. ఇప్పుడే అవునంటే తర్వాత నిన్ను బాధపెడ్తనేమో."

"దుకాణం ఈడనే ఉండని. ఇల్లు కావాల్నంటే..."

"వద్దు," అంది గట్టిగా. "నాకోసం ఇల్లు మార్చకు. మారాల్సింది ఇల్లు గాదు. కొంచెం టైం ఇయ్యి."

*

అప్పటి నుంచి వీలైన ఆదివారమల్లా ఆమె షాద్‌నగర్ నుంచి వచ్చేది. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి నయాపూల్ వంతెన మీంచి నడిచేది. మొదట్లో ప్రహ్లాద్ పక్కనే నడిచాడు. తర్వాత నాలుగడుగులు వెనక. ఒకరోజు జనం ఎక్కువై మదీనా దగ్గర ఆగిపోయి, తిరుగు బస్సు ఎక్కేసింది. ఆ వారమంతా ఫోన్ చేయలేదు. ప్రహ్లాద్ కూడా తొందర పెట్టలేదు. దుకాణంలో కూర్చుని, ఒకరికి చూపించాల్సిన లేసు ఇంకొకరికి చూపిస్తూ గడిపాడు. పై ఆదివారం ఆమె మళ్లీ వచ్చింది.

చలికాలం పోయింది. రంజాన్ నెల వచ్చింది. ఆ నెలలో సాయంత్రాలు పత్తర్‌గట్టిలో కాలు పెట్టే సందు ఉండదు. ఆ రోజు దుకాణం నిండా ఆడవాళ్లు. ప్రహ్లాద్ స్టూల్ ఎక్కి పై అరలో జరీ అంచులు వెతుకుతున్నాడు. సుగుణమ్మ కింద కొలుస్తోంది.

గుంపును తోసుకుంటూ శ్రీహిత లోపలికి వచ్చింది. జుట్టు రేగిపోయింది. చున్నీ ఒకవైపు జారింది. రెండు చేతులకూ కొత్త గాజులు.

"ఒక్కదానివే వచ్చినవా? ఇంత గుంపుల?" ప్రహ్లాద్ స్టూల్ మీంచే అరిచాడు.

ఆమె నేరుగా సుగుణమ్మ ఎదురుగా వెళ్లి కూర్చుంది.

"అమ్మా, నేను సంబంధం మాట్లాడనీకి వచ్చిన."

"ఎవరికి బిడ్డా?"

"మీ అబ్బాయికి. మా నాన్న ఆదివారం వస్తడు. కానీ ముందుగాల నేనే అడగాలనుకున్న."

సుగుణమ్మ చేతిలోని లేసు పక్కన పెట్టింది. కొడుకు పెళ్లి కోసం ఎదురు చూసీ చూసీ అలసిన మనిషి. అయినా వెంటనే సంబరపడలేదు. ఆ పిల్ల కళ్లలోకి చూసింది.

"ఈ గుంపు, ఈ ఇరుకు, దినాం ఉండేదే బిడ్డా. మంచిగ ఆలోచించుకున్నవా?"

"నయాపూల్ నుంచి ఒక్కదాన్నే నడిచొచ్చిన. నడుమల కాళ్లు వణికినయ్. ఆగి గాజులు కొన్న. మళ్ల నడిచిన." గాజుల చేతులు చూపించింది. "రేపూ వణుకుతయేమో. వణికినా నడుస్తనమ్మా."

సుగుణమ్మ కళ్లు చెమ్మగిల్లాయి. రెండు చేతులూ శ్రీహిత తల మీద పెట్టి, అలాగే ఉంచింది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు బేరాలు మరిచిపోయి చూస్తున్నారు. నల్ల బుర్ఖాలో ఉన్న ఒక పెద్దామె స్టూల్ వైపు తల ఎత్తింది.

"అరె బేటా, ఆ అమ్మాయి అంత దూరం నుంచి వచ్చి అడుగుతున్నది. నువ్వు పైన నిలబడి ఏం చూస్తున్నవ్? దిగు!"

ప్రహ్లాద్ దిగాడు. కాలు తప్పి, జరీ చుట్టలతో సహా దిగాడు.